మారెమ్మ మాటకు ఆరువందల మంది

బెంగళూరు,
11 ఫిబ్రవరి 2023

దశరథ్ బావకు,

మెర్సీ రాసేది. కేసు సంగతులు ఫోన్లో మాట్లాడొద్దని సర్కారు వకీలు గట్టిగా చెప్పాడన్నావు కాబట్టి ఇన్నేళ్లకు కాగితం ముందు కూర్చున్నాను. రాత చూసి నవ్వకు. ఇక్కడ బోర్డు మీద ఇంగ్లీషు తప్ప రాసే పని పడదు.

మామ హత్య కేసు ఐదేళ్లకు బెంచి మీదికి వస్తోందని విని చేతిలో చాయ్ చల్లారేదాకా అట్లనే కూర్చున్నాను. రోడ్డు పక్కన మీ రెండున్నర ఎకరాల చేను, మే నెల ఎండ, పట్టపగలు. ఆ చేను మీద కన్నేసిన విజేందర్ గొడ్డలితో జానయ్య మామ మెడ నరుకుతుంటే వాడి బావమరిది శివకృష్ణ కాళ్లు పట్టుకున్నాడు. పదడుగుల దూరంలో నెత్తి మీద గడ్డిమోపుతో మారెమ్మ అత్త. ఆ సంగతి అత్త నాకు మూడుసార్లు చెప్పింది: జరిగిన వారానికి ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి. మూడుసార్లూ నేను రికార్డు చేసుకుంటుంటే నువ్వు గేటు దగ్గర కాపలా కూర్చున్నావు.

నీకు ఒక మంచిమాట చెప్పాలని ఉంది. ఘోరం చూసిన మనుషులు దాన్ని ఎట్లా గుర్తుపెట్టుకుంటారు అనేదే కదా నా పరిశోధన. అత్తతో పాటు ఇంకో ముప్ఫై తొమ్మిది మంది దగ్గర ఇట్లాగే విని పేపర్ రాశాను. అందులో ఎక్కువ చోటు అత్తదే. పేరు లేదు, ఊరు కూడా మార్చి 'కొల్లాపూర్ ప్రాంతపు కూలి స్త్రీ' అని మాత్రమే ఉంది. ఆ పేపర్‌ను ఇప్పటికి ఆరువందల పన్నెండు మంది తమ పేపర్లలో ఉదహరించారు. మా లోకంలో మనిషి విలువ కట్టేది ఆ లెక్కతోనే. దాంతోనే నాకు అసోసియేట్ ప్రొఫెసర్ వచ్చింది. అమ్మ లేని నన్ను సాకింది అత్త, ఉద్యోగంలో పైకి తెచ్చింది కూడా అత్తే అని ఆమెకు చెప్పు.

ఆమె మోకాళ్లకు మందు పంపుతున్నాను.

నీ మరదలు,
మెర్సీ


కల్వకుర్తి,
2 మార్చి 2023

మెర్సీ మేడంకు,

మేడం అంటున్న, ఏమనుకోకు. ఇంత పెద్ద నౌకరి అయినంక మరదలు పిల్లా అంటే కేసు పెడతవేమో. ఇప్పటికే ఒక కేసు నడుస్తాంది మాకు.

నీ ఉత్తరం అమ్మకు చదివిన. ఆరువందల పన్నెండు మంది అన్నకాడ ఆపి, మల్ల చదువు అన్నది. మూడుసార్లు చదివిన. "ఊర్లకెళ్లి సాక్ష్యానికి ఒక్కడు రాలేదు కొడుకా. పక్క చేన్ల దున్నేటోడు సుత చూడలేదనె. గంతమంది యాడికెళ్లి వచ్చిండ్రు?" అని అడిగింది. దేశదేశాల చదువుకున్నోళ్లమ్మా, నువ్వు చెప్పింది నిజమని నీ పక్కన నిలబడ్డరు అని చెప్పిన. ఆ పూట అమ్మ రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

ఇక్కడి ముచ్చట విను. పోయిన శుక్రవారం, బెయిల్ మీద తిరుగుతున్న శివకృష్ణ నలుగురిని ఏసుకొని నా వైండింగ్ షాపుకు వచ్చిండు. నా ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి పట్టుకున్నరు. రిపేరుకు వచ్చిన ఐదు హెచ్‌పీ మోటర్ ఎత్తి దాని మీద ఇడిసిండ్రు. "అమ్మకు నోరు పని చేస్తాంది, కొడుకుకు చెయ్యి ఎందుకు" అన్నడు. దవాఖానల అడిగితే మోటర్ జారిందని చెప్పిన. రెండు వేళ్ల ఎముక పొడిపొడి అయింది, ఇగ వంగయట. మూడు వేళ్లతోని కాపర్ తీగె చుట్టుడు నేర్చుకుంటున్న.

ఇంటి ఎదురుంగ స్తంభానికి విజేందర్ ఫ్లెక్సీ ఐదేండ్ల సంది అట్లనే ఉన్నది. చినిగితే కొత్తది కడతరు. అదే నీలం అంగీ, అదే దండం, అదే నవ్వు. అమ్మ పొద్దుగాల తలుపు తీస్తే దేవుని కంటె ముందు వాడే కనవడతడు.

అందుకే నేను సుత ఒకటి కట్టిన. నెట్ సెంటర్ల నీ పేపర్ మొదటి పేజీ తీయించి, ప్లాస్టిక్ వేయించి షాపు గోడకు పెట్టిన. ఇంగ్లీషు నాకు ఎక్కదు గాని నీ పేరు కనవడుతాంది, చాలు. కింద స్కెచ్ పెన్నుతోని రాసిన: 'ఇందులో ఉన్నది మా అమ్మ మారెమ్మ. ఆమె మాటకు 612 మంది సాక్షులు.' చాయ్ తాగేటోళ్లు అందరు వచ్చి చూసి పోతున్నరు. శివకృష్ణ మనిషి ఒకడు ఫోన్ల ఫోటో సుత తీసుకపోయిండు. తీసుకపోనీ. జర భయం తెలుస్తది.

నీ బావ,
దశరథ్


బెంగళూరు,
9 మార్చి 2023

బావా,

ఉత్తరం అందిన వెంటనే ఆ కాగితం గోడ మీద నుంచి తీసెయ్యి. ఎవరైనా అడిగితే ఆ పేపర్లో ఉన్నది అత్త కాదని చెప్పు.

ఉదహరించడం అంటే సాక్ష్యం చెప్పడం కాదు బావా. ఫలానా పేపర్లో ఫలానా మాట ఉంది అని ఎత్తి రాసుకోవడం, అంతే. ఆ ఆరువందల మందికి అత్త ఎవరో తెలియదు. చాలామంది పేపర్ మొత్తం చదివి కూడా ఉండరు. మొదట్లోనే ఇది నీకు సరిగ్గా చెప్పాల్సింది నేనే. గొప్ప చెప్పుకునే తొందరలో చెప్పలేదు.

పేపర్లో ఏముందో వివరంగా తర్వాత రాస్తాను. ముందు అది తీసెయ్యి. నీ చేతి సంగతి చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. పోలీసులకు ఎందుకు చెప్పలేదు?

మెర్సీ


కల్వకుర్తి,
24 ఆగస్టు 2023

మెర్సీకి,

మార్చిల నువ్వు రాసినదానికి జవాబు ఇయ్యలేదు. కోపమొచ్చింది. అత్త కాదని చెప్పమన్నవు గద, మేమంటే నామోషీ అనుకున్న. పెద్ద సార్ల నడుమ తిరిగేదానికి కూలి అత్త ఎందుకు అనుకున్న. గోడ మీదిది తీసేసిన గాని నీ మీద మనసు ఇరిగింది. ఇప్పుడు తెలిసింది ఎందుకు తీయమన్నవో.

మొన్న సోమవారం అమ్మను బోనెక్కించిండ్రు. సర్కారు వకీలు అడిగినంతసేపు మంచిగ చెప్పింది. గొడ్డలి ఎట్ల లేచింది, మెడ సగం తెగి నాయిన తల భుజం మీదికి ఎట్ల ఒరిగింది, నోట్ల మాట రాక ఒట్టి గాలి ఎట్ల వచ్చింది, నెత్తురు గడ్డిమోపు దాక ఎట్ల చిమ్మింది.

అప్పుడు విజేందర్ వకీలు లేచిండు. చేతిల నీ పేపర్, పక్కన దాని తెలుగు తర్జుమా. "ఇందులో ఉన్న స్త్రీవి నువ్వేనా" అన్నడు. అమ్మకు సంబురమైంది మెర్సీ. "నేనే సారూ, నా మేనకోడలు రాసింది" అన్నది. నా దిక్కు తిరిగి నవ్వింది సుత.

ఇగ మొదలుపెట్టిండు. వారానికి చెప్పినప్పుడు విజేందర్ తెల్ల అంగీ అన్నవు, ఏడాదికి నీలం అంగీ అన్నవు, ఏది నిజం? ముందు రెండు మోటర్ సైకిళ్లన్నవు, తర్వాత కారన్నవు, ఏది నిజం? పానం పోయినా మర్చిపోనని ఒట్టు పెట్టి చెప్పిన పది సంగతుల్లో నాలుగు మారినయని నీ మేనకోడలే రాసింది, గట్టిగ చెప్పినంత మాత్రాన నిజం కాదని రాసింది, ఆరువందల మంది పండితులు ఔనన్నరు, నువ్వు కాదంటవా?

"అంగీ ఏదైతే ఏంది సారూ. మెడ మా ఆయనది" అన్నది అమ్మ. అడిగినదానికే జవాబు చెప్పమన్నరు. బోను కట్టె పట్టుకొని నిలబడ్డది. దిగి వచ్చినంక నన్ను ఒక్కటే అడిగింది, "మెర్సీ నేను చెప్పింది నమ్మలేదా?" అని.

తడిబట్టతోని గొంతు కోసుడు అంటే ఇదే. అయినా సర్కారు వకీలు ఒక దారి ఉన్నదన్నడు. రాసినామెనే పిలిపిస్తం, వచ్చి అసలు సంగతి చెప్పమను అన్నడు. నువ్వు వస్తవా రావా, ఒక్క ముక్క రాయి.

దశరథ్


బెంగళూరు,
5 సెప్టెంబర్ 2023

బావా,

అత్త చెప్పింది నేను నమ్మాను. ఇప్పుడూ నమ్ముతున్నాను. ఇది చదివి ఆమెకు వినిపించు.

మనిషి ఘోరం చూసినప్పుడు నడుమ ఉన్నది గట్టిగా నిలుస్తుంది. ఎవరు కొట్టారు, ఎక్కడ కొట్టారు అనేది మారదు. చుట్టూ ఉన్న బట్ట, బండి, రంగు మారుతుంటాయి. అత్త రోజూ తలుపు తీసి ఆ ఫ్లెక్సీలో నీలం అంగీ చూసింది, తెల్లది పోయి నీలం వచ్చి కూర్చుంది. అందులో ఆమె తప్పు లేదు. నలభై మందిలో ఒక్కరు కూడా కొట్టిన మనిషిని మార్చి చెప్పలేదు. ఆ పట్టిక నా మొదటి రాతలో ఉంది. పేపర్‌ను పరీక్షించినవాళ్లు ఇది అందరికీ తెలిసిందే, కొత్తదేముంది, తీసెయ్యమన్నారు. తీస్తేనే అచ్చు వేస్తామన్నారు. తీసేశాను. మారినవి మాత్రం మిగిలాయి. ఆరువందల మంది ఎత్తి రాసుకున్నది ఆ మిగిలిన ముక్కనే.

కోర్టుకు రావడం గురించి. సొంత మనిషి మీద పరిశోధన చేస్తే ముందే చెప్పాలి, అది నియమం. నేను చెప్పలేదు. బోనెక్కితే అదే మొదట బయటపడుతుంది. పేపర్ పోతుంది, ఉద్యోగం కూడా పోవచ్చు. నవంబర్‌లో నా పదవి ఖాయం చేసే కమిటీ కూర్చుంటుంది. అది కానివ్వు, డిసెంబర్‌లో తప్పక వస్తాను. వాయిదా అడగమని వకీలుకు చెప్పు. కోర్టుల్లో వాయిదాలకు కరువా?

నన్ను తిట్టు, పడతాను. అత్తకు మాత్రం నేను నమ్మానని చెప్పు.

మెర్సీ


కల్వకుర్తి,
19 జనవరి 2024

మెర్సీకి,

వాయిదా ఒక్కటే దొరికింది, రెండోది దొరకలేదు. నువ్వు డిసెంబర్ల వచ్చేటాలకు వాదనలు ఒడిసినయి. చేతులు కాలినంక ఆకులు పట్టుకొని వచ్చినవు.

నిన్న ఇద్దరినీ ఇడిసిపెట్టిండ్రు. సాక్షి మాట నిలకడగ లేదని రాసిండ్రట. ఊర్లకు డప్పులతోని వచ్చిండ్రు. మా వాకిట్ల పటాకుల లడీలు కాల్చిండ్రు. ఒకటి లోపటికి వచ్చి అమ్మ కాలు మీద పేలింది, మడిమ కాడ తోలు ఊడొచ్చింది. విజేందర్ గేటు మీద చెయ్యేసి, "నేను అంటలేనే ముసలిదానా, నీ మేనకోడలు పిల్లనే అన్నది నీకు మతి లేదని" అన్నడు. అమ్మ అంతకుముందే ఏడుపు ఆపింది. అప్పటిసంది ఎవ్వరితోని మాట్లాడుతలేదు.

జవాబు రాయకు.

దశరథ్


బెంగళూరు,
2 ఫిబ్రవరి 2024

బావా,

రాయొద్దన్నా రాస్తున్నాను. జర్నల్‌కు నిజం రాసి పంపాను. ఆ స్త్రీ నా మేనత్త అని, దాచానని, ముఖ్యమైన పట్టిక తీసేశానని, పేపర్‌ను రద్దు చేయమని. యూనివర్సిటీకి కూడా చెప్పాను. విచారణ వేశారు. ఈ పని సెప్టెంబర్‌లో చేసి ఉంటే అత్త మాట నిలిచేది. నాకు తెలుసు, నువ్వు చెప్పక్కరలేదు.

పై కోర్టుకు పోదాం. ఖర్చంతా నాది. నువ్వు మాత్రం ఆవేశపడకు. నీ ఉత్తరంలో తిట్లు లేకపోవడం చూసి నాకు భయమైంది.

మెర్సీ


జిల్లా జైలు, మహబూబ్‌నగర్,
17 జూన్ 2024

మెర్సీకి,

ఈ ఉత్తరం బయటికి పోయే ముందు ఇక్కడి సార్లు చదువుతరు. చదవనీ. సారూ, నమస్తే.

పై కోర్టు కాగితాలు తయారుగానే ఉండె. సంతకం పెట్టనీకె పోతున్న. దారిల విజేందర్ కొత్త ఇంటి ముందటికెళ్లి పోవాలె. నాయినను సంపినంక కబ్జా పెట్టి మా చేన్ల కట్టిన ఇల్లు అది. వాడు వరండల ప్లాస్టిక్ కుర్చీల కూసొని ఫోన్ చూసుకుంటుండు. నేను బండి ఆపిన. ఎందుకు ఆపిన్నో నన్ను అడగకు. డిక్కీల పైపు పానా ఉండె, బోరు పైపులు ఇప్పేది, మూడు కిలోలుంటది.

మొదటి దెబ్బ చెవి మీద పడ్డది. గుమ్మడికాయ పలిగినట్టు సప్పుడైంది. కుర్చీతోని సహా ఒరిగిండు. వాడి భార్య మంజులత నీళ్ల చెంబుతోని గడప దాటింది. రెండోది, మూడోది ఆమె చూస్తుండంగనే కొట్టిన. దవడ ఊడి పక్కకు వచ్చింది. ఆగుదామనుకున్న, చెయ్యి ఆగలేదు. ఎన్ని కొట్టిన్నో నాకు లెక్క లేదు, డాక్టర్ పదకొండు అన్నడట. ఆమె చెంబు పట్టుకొని అట్లనే నిలబడ్డది.

పానం సల్లవడుతదనుకున్న. లేదు. నాయిన తల ఒరిగింది ఇప్పటిదాక అమ్మ కండ్లల్లనే ఉండె. ఇప్పుడు ఇంకో తల నా కండ్లల్ల ఉన్నది. అన్నం ముందట పెడితే గదే కనవడతది.

అమ్మ ములాఖత్‌కు వచ్చింది. ఐదు నెలలకు నోరు తెరిచి, "నువ్వెందుకురా" అన్నది, అంతే.

దశరథ్


బెంగళూరు,
22 సెప్టెంబర్ 2025

బావా,

అత్త నా దగ్గరికి వచ్చింది. కొత్తకోటలో హైవే మీద ఒక్కతే బస్సెక్కి, అడుగుతూ అడుగుతూ మా గేటు దాకా వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. "నాకున్నది ఒక్కడు బిడ్డా. ఏం చేస్తవో చెయ్యి" అన్నది.

నీ వకీలును కలిశాను. మంజులత మొదట పోలీసులకు తన భర్త కూర్చొని ఉండగా కొట్టావని చెప్పింది. మేజిస్ట్రేట్ ముందు, లేచి నిలబడ్డాడని చెప్పింది. లేచాడంటే మాటా మాటా పెరిగి కొట్లాట జరిగినట్టు. అప్పుడు హత్య కింద రాదు, ఏడెనిమిదేళ్లతో బయటికి వస్తావు. కూర్చున్నవాణ్ని కొట్టావంటే యావజ్జీవం. ఆమె జ్ఞాపకం నమ్మదగింది కాదని తేల్చాలి. దానికి నా పేపర్ కావాలంటున్నాడు.

రద్దు ఇంకా కాలేదు, విచారణ సాగుతూనే ఉంది. ఆ పేపర్ లెక్క ఎనిమిదివందలు దాటింది. నేను రాసిచ్చింది వెనక్కి తీసుకుంటే పేపర్ నిలబడుతుంది. తీసుకుంటాను. అక్టోబర్ 22న నా వంతు. బోనెక్కి పదిలో మారే ఆ నాలుగు సంగతుల గురించి చెబుతాను, మారని ఆరింటి గురించి నోరెత్తను. అబద్ధమే. అత్తను నేను ఒకసారి ముంచాను, ఈసారి వాయిదా అడగను. కాదనకు.

నీ మరదలు,
మెర్సీ


జిల్లా జైలు, మహబూబ్‌నగర్,
16 అక్టోబర్ 2025

మెర్సీకి,

మొన్న మంగళవారం మంజులతను బోనెక్కించిండ్రు. వకీలు నీకు ఫోన్ చేసే ఉంటడు, నన్ను తిట్టే ఉంటడు. నా నోటితోని సుత విను.

ఆమె మస్తు సన్నవడ్డది. మా వకీలు అడిగిండు, "మొదటి దెబ్బ తగిలినప్పుడు నీ భర్త కూర్చున్నడా, నిలబడ్డడా?" కూసున్నడు అన్నది. "మేజిస్ట్రేట్ దగ్గర లేచిండని చెప్పినవు కదా?" అన్నడు. "లేచిండు… లేదు, కుర్చీల ఉండె… నాకు…" అన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బోను కట్టె పట్టుకున్నది. మా వకీలు ఫైల్లకెళ్లి నీ పేపర్ తీసిండు. జడ్జికి చూపెట్టుకుంట, ఎనిమిదివందల మంది పండితులు అని మొదలుపెట్టిండు.

నా మొగుని సంపిండ్రు అని చెప్పనీకె వచ్చిన ఆడిదాన్ని, నీకు మతి లేదు పో అంటున్నరు. సంపినోన్ని నేను, పదడుగుల దూరంల నిలబడి వింటున్న. ఆమె నా దిక్కు చూసింది. అక్కడ ఆ సంగతి తెలిసినోళ్లం ఇద్దరమే.

"కూసొనే ఉండె సారూ" అన్న. ఎవరు మాట్లాడుతున్నరో ముందు ఎవ్వరికి సమజ్ కాలేదు. "ఆమె పోలీసులకు చెప్పిందే నిజం. ఫోన్ చూసుకుంటుండె. లేవలేదు. కూసున్నోన్నే కొట్టిన" అన్న. మా వకీలు నోరు ముయ్యమని గుడ్లురిమిండు. జడ్జి నన్ను ఆలోచించుకొని చెప్పమన్నడు, వకీలుతోని మాట్లాడుకోమని గంట టైమిచ్చిండు. గంటయినంక అదే మాట చెప్పిన. రాసుకున్నరు, సంతకం పెట్టిన.

నేను మంచోన్నని రాస్తలేను. వాణ్ని సంపినందుకు నాకు ఇప్పటికి సుత సగం రోజులు దుఃఖం లేదు. గాని అమ్మకు చేసింది ఇంకొకామెకు నా పేరు మీద చేస్తాంటే ఊకోలేకపోయిన.

అమ్మ వెనక బెంచి మీద కూసొనుండె. నన్ను బండి ఎక్కించేకాడికి వచ్చింది. మెచ్చుకుంటదని కాదు గాని, సమజ్ చేసుకుంటదనుకున్న. సంకెళ్లు పట్టుకొని గుంజింది. "నా మాట అబద్ధమన్ననాడు సుత నాకు గింత దుఃఖం రాలేదురా. నీ నాయినను వాడు తీస్కపోయిండు. నిన్ను నువ్వే తీస్కపోతున్నవు. గామె సత్యం నీకు కనవడ్డది, నేను కనవడలేదా?" అన్నది. బండి కదిలేదాక అడుగుతనే ఉన్నది.

ఇరవై రెండు తారీకు కోర్టుకు రాకు. అమ్మ ఇంట్ల ఒక్కతే ఉన్నది, ఆమె దగ్గరికి పో.

నీ బావ,
దశరథ్